కట్టెలు ఏరుకున్న మనిషే గెలిచిన తొలి సీజన్

‘ఐ యామ్ ఎ సెలబ్రిటీ... గెట్ మీ అవుట్ ఆఫ్ హియర్!’ రియాలిటీ షోను బ్రిటన్‌లో ఐటీవీ చానల్ 2002 ఆగస్టులో మొదలుపెట్టింది. దీన్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను. తర్వాత ఎన్ని సీజన్లు వచ్చినా, తీరిక దొరికితే మళ్లీ పెట్టుకునేది మొదటిదే.

ఎనిమిది మంది ప్రముఖులు, రెండు వారాలు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవి. రోజూ అన్నం, చిక్కుడు గింజలే. అంతకుమించి నోటికి రుచి తగలాలంటే వారిలో ఒకరు పురుగులు, పాముల్లాంటివాటితో పెట్టే పరీక్షకు వెళ్లి నెగ్గుకురావాలి. ఎవరు వెళ్లాలో ప్రేక్షకులు ఫోన్ల ద్వారా తేలుస్తారు. ఎక్కువగా జడుసుకునే మనిషినే ఏరికోరి పంపే ఈ సరదా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయినా చూడబుద్ధేస్తుందంటే అది టోనీ బ్లాక్‌బర్న్ చలవే. 1967లో బీబీసీ రేడియో 1 ప్రారంభమైనప్పుడు మొదట వినిపించిన డీజే గొంతు ఆయనది. అడవిలో ఆయన వెలగబెట్టిన ఘనకార్యం కట్టెలు ఏరడం. తెస్తారు, పేరుస్తారు, మళ్లీ బయల్దేరతారు. ఆ కుప్ప మీద ఆయనకున్న మమకారం చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. చివరికి గెలిచింది ఆయనే. లండన్ సంపన్నుల విందు వినోదాల్లో పేరుపడ్డ టారా పామర్-టామ్‌కిన్సన్ రెండో స్థానంలో నిలిచారు. చెంచాలు వంచి పేరు తెచ్చుకున్న యూరి గెల్లర్ ప్రేక్షకుల ఓట్లు చాలక అందరికన్నా ముందే ఇంటిదారి పట్టారు. ఓట్లను మాత్రం వంచలేకపోయారు పాపం!

హాస్యనటి రోనా కామెరాన్ మాటలు మరో ఎత్తు. శిబిరంలో చిరాకులు ముదిరిన వేళ, ‘కొన్నిసార్లు...’ అంటూ అందుకుని, తనతో సహా ఒక్కొక్కరి పేరూ తీసి అందరి లోపాలనూ ఏకరువు పెడతారు. ఆకలి, విసుగు, మొహమాటం కలిసి ఒక్కసారిగా కట్ట తెంచుకున్నట్లుంటుంది. ఏ రచయితా రాసివ్వలేని సన్నివేశం అది.

రెండో సీజన్ నుంచి శిబిరం న్యూ సౌత్ వేల్స్‌కు మారింది. పరీక్షల హంగూ పెరిగింది. కానీ వచ్చేవాళ్లకు ఆట తెలిసిపోయింది. మన దగ్గర 2017లో ఎన్టీఆర్ నడిపిన తెలుగు బిగ్‌బాస్ తొలి సీజన్‌నూ, తర్వాతివాటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

మనవాళ్లకు ఇబ్బంది ఒక్కటే. వీళ్లలో చాలామంది బ్రిటన్ దాటితే ఎవరికీ తెలియదు. వ్యాఖ్యాతలు ఆంట్, డెక్ విసిరే జోకుల్లో సగం అందుకే తలపైనుంచి వెళ్లిపోతాయి. ఆ ఎనిమిది మంది ఎవరో ముందే కాస్త చదువుకుని కూర్చోండి. భోజనాల వేళ మాత్రం పెట్టుకోకండి.