తాజ్‌మహల్ బొమ్మతో అమ్మే యాత్ర ప్యాకేజీ: ఆగ్రా రోజు లెక్క ఎక్కడ తప్పుతుంది

దసరా పోయిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఉత్తర భారత యాత్రల పోస్టర్లు మొదలవుతాయి. హరిద్వార్, మథుర, ఢిల్లీ పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, నడిమధ్య తాజ్‌మహల్ బొమ్మ మాత్రం పెద్దగా ఉంటుంది. సీట్లు నిండేది ఆ బొమ్మ చూసే. తీరా బయల్దేరాక అన్నిటికంటే తక్కువ సమయం దొరికేది కూడా దానికే. ఈ రకం ప్యాకేజీల్లో తిండికి వంక పెట్టేదేం ఉండదు. వంట మాస్టర్ వెంటే వస్తాడు, పొద్దున ఉప్మా, రాత్రికి పప్పుచారు ఖాయం. గుళ్ళ దర్శనాలూ బాగానే నడుస్తాయి. లోపమంతా ఆగ్రా రోజులోనే.

ఆ రోజు ఎట్లా కరిగిపోతుందో చూడండి. పొద్దున మథుర, బృందావనం తిప్పి, భోజనాలు పెట్టి బయల్దేరదీస్తారు. దూరం 60 కిలోమీటర్ల లోపే అయినా ఆగ్రాలో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. తాజ్‌కు 500 మీటర్ల లోపలికి పెట్రోలు, డీజిల్ బండ్లను రానివ్వరు. తూర్పున శిల్పగ్రామ్ దగ్గరో, పడమటి పార్కింగులోనో బస్సు ఆపి, అక్కడి నుంచి బ్యాటరీ బండి ఎక్కాలి లేదా నడవాలి. గేటు దగ్గర ఆడవాళ్ళది ఒక క్యూ, మగవాళ్ళది ఒక క్యూ. నలభై మంది గుంపు రెండుగా చీలి లోపల మళ్ళీ ఒకచోటికి చేరేసరికి అరగంట పోతుంది. సూర్యాస్తమయానికి అరగంట ముందే మూసేస్తారు కాబట్టి చలికాలంలో సాయంత్రం 5 గంటలకే బయటికి పంపిస్తారు. ఆ రాత్రికే బస్సు ఢిల్లీ చేరాలి. ఇంకేం మిగిలింది, ద్వారం ముందు గ్రూప్ ఫొటో, సమాధి చుట్టూ ఒక పరుగు!

టూర్ వాళ్ళను మాత్రమే అనడానికీ లేదు. రద్దీ తట్టుకోలేక పురావస్తు శాఖే 2018లో టికెట్‌కు 3 గంటల గడువు పెట్టింది, అదే ఏడాది ప్రధాన సమాధి పైకి వెళ్ళడానికి వేరే రుసుము తెచ్చింది. పేరు మోసిన చోటల్లా ఇదే తంతు. పెరూలో మాచు పిచ్చుకు టికెట్ మీద వేసిన సమయానికే పోవాలి, రాసిన దారిలోనే నడవాలి. మెక్సికోలో చిచెన్ ఇట్జా పిరమిడ్ మెట్లు ఇప్పుడు ఎక్కనివ్వరు. ఇంతకీ తాజ్‌నూ ఈ రెండింటినీ కలిపి చెప్పే ‘ఏడు వింతల’ జాబితా 2007లో ఇంటర్నెట్, ఫోన్ ఓట్లతో తేల్చింది. యునెస్కోకు దానితో సంబంధం లేదు. యునెస్కో తాజ్‌ను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది 1983లో. ఓట్లతోనే గొప్పతనం తేలేదైతే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం పేరు ఎవరికీ తెలియకుండా పోవాలి. పగలంతా గర్భగుడిలో కదలకుండా నిలబడే ఆ నీడను చూడటానికి నల్లగొండ నుంచి ఆటో చాలు, క్యూ కూడా ఉండదు.

అయినా తాజ్ చూడాల్సిందే, అందులో అనుమానం లేదు. చూసే పద్ధతి మార్చుకోవాలి.

అడ్వాన్సు కట్టే ముందు మొదట అడగాల్సింది ఆగ్రా ఏ వారం అని. శుక్రవారం తాజ్ సందర్శకులకు మూసి ఉంటుంది. పోస్టర్ మీద తేదీలే ఉంటాయి, వారం ఉండదు. రైలు ఆలస్యమై ప్రోగ్రాం ఒక రోజు వాయిదా పడితే గురువారం కాస్తా శుక్రవారం అవుతుంది. అప్పుడు యమునకు అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ తోట నుంచి చూపించి ‘అయిపోయింది’ అంటారు. రెండోది, ప్యాకేజీలో ఏ టికెట్ ఉంది? మనవాళ్ళకు ప్రవేశం రూ.50. సమాధి ఉన్న పాలరాతి వేదిక ఎక్కాలంటే ఇంకో రూ.200. చాలా ప్యాకేజీల్లో మొదటిదే కలుపుతారు, రెండోది అక్కడికి పోయాక చేతి నుంచి పెట్టుకోవాలి. 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. గుర్తింపు కార్డు మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

సంచుల సంగతీ ముందే చెప్పాలి. తినే వస్తువులేవీ లోపలికి పోనివ్వరు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన సకినాల డబ్బా, బీడీ కట్ట, తంబాకు, అగ్గిపెట్టె, చార్జరు, ట్రైపాడ్, అన్నీ తనిఖీలో ఆగిపోతాయి. వెనక్కి పోయి లాకర్లో పెట్టి రావాలంటే క్యూ మళ్ళీ మొదటి నుంచి. అవన్నీ బస్సులోనే వదిలి, ఫోను, నీళ్ళ సీసా, డబ్బులతో దిగండి.

లోపలికి పోగానే అందరూ ద్వారం దగ్గరే ఫొటోలకు ఆగుతారు. మీరు ఆగకుండా నేరుగా సమాధికి నడవండి, అక్కడ వరుస పెరగకముందే చూసి రావచ్చు. చెప్పులు విడవాలి, లేదంటే పైన కవర్లు తొడుక్కోవాలి. లోపల ఫొటోలు నిషేధం. జాలీ తెర వెనక కనిపించేవి పై సమాధులే, అసలువి కింది గదిలో ఉన్నాయి. ముంతాజ్ సమాధి సరిగ్గా మధ్యలో ఉంటుంది, పక్కన పడమటి వైపు షాజహాన్‌ది. ఎటు చూసినా రెండు వైపులా ఒకేలా కట్టిన ఈ కట్టడంలో కొలత తప్పేది అక్కడే. నాలుగు మినార్లూ కొద్దిగా బయటికి వాలి ఉంటాయి, కూలినా సమాధి మీద పడకుండా. పొద్దుటి ఎండ తూర్పు ముఖం మీద పడుతుంది కాబట్టి ఫొటోకు తూర్పున ఉన్న అతిథి గృహం వైపు నిలబడాలి. సాయంత్రమైతే పడమటి మసీదు వైపు.

పున్నమి రాత్రి, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులు కూడా చూపిస్తారు. శుక్రవారాలు, రంజాన్ నెల మినహాయింపు. 50 మంది చొప్పున జట్లు, ఒక్కో జట్టుకు అరగంట, అదీ దూరంగా ద్వారం దగ్గరి తిన్నె మీద నుంచే. మొదటిసారి పోయేవాళ్ళు దీని మీద డబ్బు పెట్టకపోవడమే మేలు.

తాజ్ ఒక్కటే చూడాలనుకుంటే ప్యాకేజీయే అక్కర్లేదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్‌లో ఉదయం 6 గంటలకు బయల్దేరి మర్నాడు తెల్లవారుజామున ఆగ్రా కంటోన్మెంట్‌లో దింపుతుంది. సూర్యోదయానికి అరగంట ముందే తాజ్ తెరుస్తారు, సామాను స్టేషన్ క్లోక్ రూంలో పడేసి పోతే సరిపోతుంది. సంచికి తాళం లేకపోతే తీసుకోరు. గురువారం మాత్రం రైలెక్కొద్దు, దిగేది శుక్రవారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్ళు ముందు రాత్రే హైదరాబాద్ చేరుకోవాలి. సూర్యాపేట వాళ్ళకు కాజీపేటలో ఎక్కడం నయం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబరు, జనవరి వద్దు. పొగమంచుకు రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, దిగినా ఎదురుగా ఉన్న గుమ్మటం కనపడదు. అక్టోబరు, నవంబరు, లేదా ఫిబ్రవరి మంచిది.

ప్యాకేజీలోనే పోతే ‘మార్బుల్ ఫ్యాక్టరీ’ దగ్గర బస్సు ఆపడం మామూలే, కమీషన్ సంగతి చెప్పక్కర్లేదు. పాలరాయి అని అమ్మేవాటిలో మెత్తటి సబ్బురాయి కూడా ఉంటుంది. అడుగున గోటితో గట్టిగా గీస్తే గీత పడిందా, అది పాలరాయి కాదు. ఇంటికి తేవాలంటే బూడిద గుమ్మడికాయతో చేసే పేఠా కొనండి, పొడిదే అడగండి. పాకంలో ఊరే అంగూరీ పేఠా దారిలో కారి బట్టలు పాడుచేస్తుంది.