పెరంబూరులో చూరు కాలువ శుభ్రం చేయించిన అనుభవం

పెరంబూరులోని మా ఇంటి ముందు భాగానికి మంగళూరు పెంకుల కప్పు, దాని చూరు వెంట వాననీరు పోవడానికి అరవై అడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు కాలువ ఉన్నాయి. పక్కనే వేపచెట్టు ఉండడం వల్ల ఏడాదికి రెండుసార్లైనా ఆ కాలువలో చెత్త తీయక తప్పదు. చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి, సెప్టెంబరు చివరిలోగా ఈ పని పూర్తి కావాలి. నిరుడు మా మామగారు కుర్చీ మీద స్టూలు వేసుకుని తామే శుభ్రం చేయబోయి, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అందుకే ఈసారి మా వీధి హార్డ్‌వేర్ దుకాణం వారు చెప్పిన ఇద్దరు పనివారిని పిలిచాం. కూలి 2,800 రూపాయలు.

నిచ్చెన వేసిన తీరు చూసినప్పుడే ఆ ఇద్దరిలో పెద్దాయన మీద నాకు నమ్మకం కలిగింది. పన్నెండు అడుగుల ఎత్తుకు నిచ్చెన కాళ్లను గోడకు మూడు అడుగుల దూరంలో నిలబెట్టి, కింద గోనెపట్టా పరిచి, పై కొసను తాడుతో వాసానికి కట్టిన తరువాతనే ఆయన ఎక్కారు. చెయ్యి అందనిచోట నడుము వంచి సాగకుండా, ప్రతిసారీ దిగి నిచ్చెనను జరుపుకున్నారు. పని కొంత ఆలస్యమైనా అదే సరైన పద్ధతి.

కాలువలో నుంచి నాలుగు బకెట్ల నల్లటి మడ్డి వచ్చింది. అందులో వేపాకు, పెంకు ముక్కలు, జానెడు ఎత్తు ఎదిగిన రావి మొక్క ఉన్నాయి. మధ్యలో నిలిచిన నీళ్లలో దోమ పిల్లలు కదలడం నేనే చూశాను. డెంగీ దోమకు గుడ్డు నుంచి ఎగిరే దశకు వారం, పది రోజులు చాలు కనుక, ఆ నీళ్లు అక్కడ ఎందుకు నిలిచాయో తేల్చమని అడిగాను. ట్యూబ్ లెవల్ (ఎత్తుపల్లాలు చూసే నీళ్ల గొట్టం) పట్టి చూస్తే, ఒక క్లాంపు ఊడి కాలువ కుంగినట్టు తేలింది. పది అడుగులకు పావు అంగుళమైనా వాలు ఉండాలని చెప్పి, క్లాంపు మార్చి, గొట్టంతో నీళ్లు వదిలి అతుకులన్నీ చూపించారు. ఈ నీటి పరీక్ష అడగకుండానే చేశారు.

అయితే రెండు చోట్ల నేను అడ్డుపడవలసి వచ్చింది. ఎడమ మూలలో కరెంటు స్తంభం నుంచి వచ్చే తీగ కాలువకు రెండు అడుగుల దూరంలోనే ఉంటుంది. అక్కడ కూడా అల్యూమినియం నిచ్చెనే వేయబోతూ, మెయిన్ ఆపితే చాలని చిన్నవాడు అన్నాడు. మెయిన్ ఆపినా స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న తీగలో కరెంటు ఉంటుందని చెప్పి, విద్యుత్ శాఖ వారు వచ్చి తీగ కనెక్షన్ తీసేదాకా ఆ మూలను వదిలేయమన్నాను. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు గానీ, ఆ మాట ఆయన నోటి నుంచే ముందు రావలసింది. రెండోది, మిగిలిన మడ్డిని నీటి ఒత్తిడితో కింది గొట్టంలోకి తోసేద్దామన్నారు. 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి మా గొట్టం ఇంకుడు బావిలోకే పోతుంది. ఆ మడ్డి అందులో పడితే అడుగున ఉన్న ఇసుక, కంకర పొరలు పూడుకుపోతాయి. కింది మోచేతి బెండు విప్పి, బకెట్ పెట్టి తీయించాను.

కాలువ మీద సన్నటి జాలీ వేయించుకోమన్నారు, వద్దన్నాను. వేపాకు, వేపపూత ఆ జాలీ మీదే పరుచుకుని అట్టకట్టి, నీటిని బయటకు పొర్లిస్తాయి.

మొత్తం మీద పని తీరుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. విద్యుత్ శాఖ వారు వచ్చే రోజు మాకు తెలియగానే ఆ మిగిలిన మూల శుభ్రం చేయడానికి వారినే మళ్లీ రమ్మన్నాను. ఈసారి కరెంటు పారని ఫైబర్ నిచ్చెన తెస్తామని మాట ఇచ్చారు.