మూతపడ్డ గనుల్లో నీళ్లు: తోడాలా, వదిలేయాలా?

గని మూసి పంపులు ఆపేస్తే భూగర్భజలం మెల్లగా పాత మట్టానికి ఎక్కుతుంది. ఇన్నాళ్లూ పొడిగా ఉన్న సెల్లార్లలో ఊట మొదలవుతుంది.

తోడుతూనే ఉండటం ఒక దారి. జర్మనీలోని రూర్‌లో బొగ్గు తవ్వకం 2018లో ఆగింది, పంపింగ్ ఆగలేదు. నేల కుంగిన చోట్ల వాననీటినీ తోడాల్సిందే. కరెంటు ఖర్చుకు అంతుండదు.

రెండోది, నీటిని ఎక్కనిచ్చి సొరంగం గుండా వాలులో బయటికి పంపడం. చవకే, కానీ సొరంగం పూడితే టెన్షన్. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ గని పంపులు 1991లో ఆపారు. 1992 జనవరిలో లోహాలు నిండిన ఆమ్లనీరు ఒక్కసారిగా బయటపడి కార్నన్ నది నారింజ రంగుకు తిరిగింది.

ఇళ్లు పల్లంలో ఉంటే నా ఓటు పంపులకే. మంచి వాలుంటే సొరంగం, అదీ శుద్ధి చెరువులతో. బోర్లలో మట్టం కొలవడం రెండింటికీ తప్పదు.