డీవీఐపీఎస్‌లో నేరుగా పోస్ట్‌స్క్రిప్ట్: థీసిస్‌లకు భేష్, తెలుగు శుభలేఖలకు చుట్టుదారి

విశాఖలో యూనివర్సిటీ చుట్టుపక్కల లేటెక్‌తో (ఆదేశాలు రాసి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) థీసిస్‌లు కూర్చేవాళ్లకు ఒక మాట. వాటర్‌మార్కు (పేజీ వెనకాల పలచగా పడే మాట) కోసం ఇంకో సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. లేటెక్ ప్యాకేజీ టెక్‌లైవ్‌తో ఉచితంగా వచ్చే డీవీఐపీఎస్ చాలు. లేటెక్ ఇచ్చే డీవీఐ ఫైల్ని అది పోస్ట్‌స్క్రిప్ట్‌లోకి, అంటే పేజీని ప్రింటరుకు వర్ణించే భాషలోకి మారుస్తుంది. ‘స్పెషల్’ ఆదేశంలో పోస్ట్‌స్క్రిప్ట్ కోడు రాస్తే దాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లోకి దించేస్తుంది.

ప్రతి పేజీ మీదా ‘డ్రాఫ్ట్’ అని పడాలంటే స్పెషల్‌ని ఆశ్చర్యార్థకంతో మొదలుపెట్టి, యూజర్‌డిక్ట్‌లో (పోస్ట్‌స్క్రిప్ట్ పేర్ల పట్టిక) ‘బాప్-హుక్’ని (ప్రతి పేజీ మొదట్లో నడిచే కోడు) నిర్వచించాలి. లోపల రాసేది ఇదీ వరస: జీసేవ్ (ఇప్పటి స్థితిని దాచడం), 200 185 ట్రాన్స్‌లేట్ (మూలబిందువుని జరపడం), 55 రొటేట్ (తిప్పడం), హెల్వెటికా ఫాంటు 150 సైజు, 0.9 సెట్‌గ్రే (బూడిద రంగు, 1 అంటే తెలుపు), 0 0 మూవ్‌టు, మాట, షో, జీరెస్టోర్ (దాచిన స్థితిని తిరిగి తేవడం). ఏ4 కాగితం మీద మాట దాదాపు మధ్యకొస్తుంది. జిరాక్సు తీయించేవైతే 0.9 మరీ పలచన, 0.8 పెట్టండి.

చివరి జీరెస్టోర్ మరిచారో, పేజీలో ఉన్న పాఠమంతా 55 డిగ్రీలు వాలిపోతుంది. ఒక్కచోటే బొమ్మ కావాలంటే స్పెషల్‌ని డబుల్ కొటేషన్‌తో మొదలుపెట్టే పద్ధతి మేలు: మూలబిందువు అక్కడే ఉంటుంది, 72 యూనిట్లు ఒక అంగుళం, పని కాగానే పాత స్థితి దానంతటదే తిరిగొస్తుంది. స్పెషల్‌ని ‘పీఎస్:’తో మొదలుపెట్టే ‘పీఎస్ కోలన్’ పద్ధతిలో ఆ రక్షణ లేదు, పైగా వై అక్షం కిందికి పోతుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

నేరుగా పీడీఎఫ్ ఇచ్చే పీడీఎఫ్‌లేటెక్‌తో నడిపితే మాత్రం ఇవేవీ కనబడవు. లాగ్ ఫైల్లో ఒక హెచ్చరిక పడుతుంది, అంతే. లేటెక్, తర్వాత డీవీఐపీఎస్ (‘-టీ ఏ4’ అని కాగితం సైజు చెప్పడం తప్పనిసరి), ఆపైన పీఎస్2పీడీఎఫ్, ఈ వరసలోనే వెళ్లాలి.

అసలు లోటు తెలుగు దగ్గరే. ఇప్పటి తెలుగు ఓపెన్‌టైప్ ఫాంట్లు డీవీఐపీఎస్ దారిలో నడవవు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చాలంటే జీలేటెక్ (ఓపెన్‌టైప్ ఫాంట్లు వాడగల లేటెక్ రకం) లాంటిది కావాలి. అందుకని శుభలేఖ అంచు డిజైన్‌ని డీవీఐపీఎస్ దారిలో విడిగా పీడీఎఫ్ చేసి, పీడీఎఫ్‌క్రాప్‌తో కత్తిరించి, జీలేటెక్‌లో ఇంక్లూడ్‌గ్రాఫిక్స్‌తో బొమ్మగా తెచ్చుకోవాలి. శుభలేఖకి ఇది ఎక్కువ శ్రమే. అయినా గీతలు వెక్టర్‌గానే ఉంటాయి కనుక ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

ఆఫ్‌సెట్ ప్రెస్సుకిచ్చే ఫైల్లో సెట్ఆర్‌జీబీకలర్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో రంగు చెప్పే ఆదేశం) వాడకండి. బూడిద రంగు నాలుగు ప్లేట్లకూ (సియాన్, మెజెంటా, పసుపు, నలుపు) పంచుకుపోయి, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచున రంగు నీడ పడుతుంది. సెట్‌గ్రే అయితే నల్ల ప్లేటు ఒక్కటే. రంగులు కావాలంటే ఆ నాలుగు రంగుల పాళ్లు చెప్పే సెట్‌సీఎంవైకేకలర్.