నాన్న నూడుల్స్ అట్టు కోసం కొన్న పోత ఇనుప పెనం

ముందే చెప్పేస్తున్నా, ఈ పెనం నేను పిజ్జాలు చేసుకోవడానికి కొనలేదు. చిన్నప్పుడు అమ్మ ఇంట్లో లేని రోజున నాన్న చేసిపెట్టే ఒక వింత వంటకం కోసం కొన్నా. రాత్రి మిగిలిన నూడుల్స్ ఫ్రిజ్‌లో గిన్నె ఆకారంలోనే గడ్డకట్టి ఉంటాయి కదా, ఆ ముద్దను అలాగే బోర్లించి, వేళ్ళతో విడదీసి, రెండు గుడ్లు కొట్టి కలిపి, పెనం మీద మందంగా పరిచి, అడుగు ఎర్రబడ్డాక తిప్పి, పైన ఒక చెంచా చక్కెర చల్లేవాడు. అవును, చక్కెరే, మసాలా నూడుల్స్ మీద! ఇంకోసారి తిప్పేసరికి అది కరిగి, గోధుమ రంగుకొచ్చి, కాస్త ఆరాక పళ్ళ కింద పటుక్కున విరిగేది. అంచు ముక్కల కోసం అక్కా నేనూ కొట్టుకునేవాళ్ళం. అమ్మ తిరిగొచ్చి "ఇదేం తిండి" అంటూనే ఒక ముక్క తుంచుకునేది.

నాన్‌స్టిక్ మీద ఎన్నిసార్లు చేసినా ఆ అడుగు రాలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్ద పడగానే పల్చటి పెనం చల్లబడిపోతుంది, నీరు ఊరి నూడుల్స్ వేగడానికి బదులు ఉడుకుతాయి. తడి ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడాలంటేనేమో 140 దాకా వెళ్ళాలి. పోనీ మంట పెంచుదామా అంటే 260 దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుందని భయం.

ఈ ఇనుప పెనం 10 అంగుళాలది, బరువు రెండు కిలోల పైనే. ఒంటిచేత్తో ఎత్తి తిప్పే పని పెట్టుకోకండి. వేడెక్కడానికి బద్ధకం ఎక్కువ, సన్న మంట మీద ఐదారు నిమిషాలు వదిలేయాలి, మధ్యలో ఒకసారి పెనాన్నే తిప్పి పెట్టాలి, లేకపోతే మంట తగిలిన చోటే మాడుతుంది. కానీ ఒకసారి కాగిందంటే చల్లటి ముద్ద పడ్డా చెక్కుచెదరదు.

డబ్బా మీద "వెంటనే వాడుకోవచ్చు" అని రాశారు, నమ్మకండి. మొదటి అట్టు సగం పెనానికే అంటుకుపోయింది, అట్లకాడతో గీరి గీరి తిన్నాను. తర్వాత చాలా పల్చగా నూనె రాసి, ఎక్కువైంది గుడ్డతో తుడిచేసి, పొగ వచ్చేదాకా కాచి, ఆర్చి, మళ్ళీ రాసి... అలా మూడుసార్లు చేశాక దారికొచ్చింది. ఆ వేడికి నూనె గట్టిపడి ఇనుముకి పొరలా పట్టేస్తుంది, అంటుకోకుండా చూసేది అదే. సబ్బు అస్సలు తగలకూడదనే మాట పాత రోజుల ఘాటు సబ్బుల కాలం నాటిది, ఇప్పటి లిక్విడ్‌తో గబగబా కడిగితే ఏమీ కాదు. నానబెట్టడం, తడిగా వదిలేయడం మాత్రం వద్దు, తెల్లారేసరికి తుప్పు.

పులుపు కూడా దీనికి పడదు. మా అక్కకో స్పెషల్ ఉంది, ఎండిపోయిన బ్రెడ్డు తుంపి టమాటాల్లో గుజ్జుగా మగ్గించడం. చూడ్డానికి ఘోరం, తింటే ఆపలేం. అది ఇందులో అరగంట పెట్టాను, పొర లేచిపోయింది, గుజ్జుకి ఇనుప వాసన పట్టింది. దానికి స్టీలు గిన్నే గతి.

పిడి గురించి చెప్పాలి. పొట్టిది, పెనంతో సమానంగా కాలుతుంది, ఒక తొడుగు ఇచ్చి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? నా బొటనవేలు ఇంకా మండుతోంది. 5కి 4 స్టార్లు, పోయిన స్టార్ దానికే.

మొన్న నాన్న వచ్చినప్పుడు చేసిపెట్టాను. అంచు సరిగ్గా కుదిరింది, పటుక్కుమంది. అసలు చక్కెర వేయాలని నీకెలా తోచింది నాన్నా అని అడిగితే, మొదటిసారి మసాలా ప్యాకెట్ పొరపాటున రెండుసార్లు వేశాడట, ఉప్పు కప్పిపుచ్చడానికి చక్కెర చల్లాడట, మేమిద్దరం లొట్టలేసుకుంటూ తినేసరికి ఇక మానలేకపోయాడట. ఆయనకైతే అది ఎప్పుడూ నచ్చలేదట. అయినా రెండో ముక్క అడిగి వేయించుకున్నాడు, చక్కెర లేకుండా.