డీవీడీ రిమోట్: పాతది తుడుచుకోవాలా, కొత్తది కొనాలా?

హన్మకొండలో మా ఇంటి పెళ్లి వీడియోలన్నీ డిస్కుల్లోనే ఉన్నాయి. ప్లేయర్ మీదేమో ప్లే, స్టాప్, ట్రే బటన్లే. మెనూలో కదలాలంటే రిమోటే దిక్కు.

అది పలకడం మానేస్తే, ముందు ఫోన్ సెల్ఫీ కెమెరాకు రిమోట్ చూపించి బటన్ నొక్కండి. తెరమీద ఊదారంగు వెలుగు మిణుకుమంటే అది బతికే ఉంది.

ఖర్చు: పాతదానికి రెండు సెల్లులు, రకరకాల ప్లేయర్లకు పనిచేసే కొత్త యూనివర్సల్ రిమోట్‌కు వందా రెండొందలు.
శ్రమ: పాతది విప్పి, రబ్బరు బటన్ల అడుగున ఉండే నల్ల చుక్కలను దూదితో తుడవాలి, కొత్తదానికి మన ప్లేయర్‌కు సరిపడే కోడ్ నంబరు కలిసేదాకా ఓపిక కావాలి.
రిస్క్: పాతదాని క్లిప్పులు విరగొచ్చు. కొత్తదాంట్లో సెటప్, సబ్‌టైటిల్ బటన్లు పలకకపోవచ్చు. నాకదే జరిగింది.

ఒకటి రెండు బటన్లే మొండికేస్తే తుడవండి. సెల్లులు మార్చినా వెలుగు రాకపోతే ప్లేయర్‌ను సంచిలో వేసుకుని చౌరస్తాకు పోయి, షాపులోనే కలిపి చూసుకుని కొనండి.