ఓపెన్ ట్రైలర్ మీద నాలుగేళ్లు వాడిన రాట్చెట్ బెల్టులు: కొత్త డ్రైవర్ల కోసం

నాలుగేళ్ల కిందట డీసీఎం దిగి ఓపెన్ ట్రైలర్ ఎక్కాను. కాగితాల్లో ఫ్లాట్‌బెడ్ అని రాస్తారు గానీ మా ఆటోనగర్‌లో అందరూ ఓపెన్ ట్రైలర్ అనే అంటారు. వైజాగ్ నుంచి టీఎంటీ కడ్డీలు, తోరణగల్లు వైపు నుంచి స్టీలు కాయిల్స్, అప్పుడప్పుడు పైపులు తెస్తాను. 40 అడుగుల బండి రివర్స్ చేయడం నెల రోజుల్లో చేతికొచ్చింది, లోడు కట్టడం సరిగ్గా రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. అందుకే బండి గురించి కాకుండా బెల్టుల గురించి రాస్తున్నాను.

ఓనర్ బండితో పాటు గొలుసులు, మోకులు ఇచ్చాడు. మోకు మొదటి వానకే వదులైపోయింది. రాణిగంజ్ వెళ్లి నా డబ్బుతో ఎనిమిది రాట్చెట్ బెల్టులు కొన్నాను, అంటే పళ్ల చక్రం ఉన్న హ్యాండిల్‌ను ఆడించి బిగించే పట్టీలు, 50 ఎంఎం వెడల్పువి, పాలిస్టర్‌వి. వాటిలో ఐదు ఇప్పటికీ వాడుతున్నాను. మోకుతో గంట పట్టే పని వీటితో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, క్లీనర్ రాని రోజు ఒక్కడినే కట్టుకోగలను, వానకు వదులవ్వవు. ఆ మేరకు పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంది.

కానీ కొన్న రోజు షాపులో "5 టన్నుల బెల్టు అన్నా, ఎనిమిది వేస్తే 40 టన్నులు ఆగుతుంది" అన్నారు, నేనూ నమ్మాను. అది తప్పు. ఆ తప్పు తెలియకుండా ఏ కొత్త డ్రైవరూ రోడ్డెక్కకూడదు. లేబుల్ తిప్పి చదవండి. నా బెల్టు మీద ఎల్‌సీ 2500 అని ఉంది, అంటే నేరుగా లాగితే సుమారు 2500 కిలోల దాకా తట్టుకుంటుందని. చుట్టూ తిప్పి కడితే దానికి రెట్టింపు 5000, షాపువాళ్లు చెప్పే 5 టన్నులు అదే. అది బెల్టు తట్టుకునే బలం. కిందనే ఎస్‌టీఎఫ్ అని ఇంకో అంకె ఉంటుంది, నా దాని మీద 350. చేత్తో గట్టిగా బిగిస్తే బెల్టులో వచ్చే లాగుడు అంతే, అంటే సుమారు 350 కిలోలు. లోడు మీదుగా వేసిన బెల్టు రెండు వైపులా లాగుతుంది కాబట్టి మహా అయితే 700 కిలోల ఒత్తిడితో లోడును కిందికి నొక్కుతుంది. ఎనిమిదీ కలిపినా ఐదున్నర టన్నులు. 20 టన్నుల లోడు గట్టి బ్రేకు మీద 16 టన్నుల బలంతో ముందుకు తోసుకొస్తుందని లెక్కేసి కట్టుకోవాలి. ఇనుము మీద ఇనుము జారుతుంటే పైనుంచి నొక్కడం ఒక్కటే ఎలా ఆపుతుంది?

నాకిది సూర్యాపేట దగ్గర తెలిసింది. మొదటి ఏడాది, కడ్డీల లోడు, ముందున్న బస్సు ఒక్కసారి ఆగింది, నేనూ బ్రేకు తొక్కాను. వెనక నుంచి వచ్చిన ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒక కట్ట జానెడు ముందుకొచ్చి ముందు గోడకు గుద్దుకుని ఆగింది. దిగి చూస్తే బెల్టు ఒక్కటీ తెగలేదు, ఒక్కటీ వదులవ్వలేదు. కట్టకూ ముందు గోడకూ మధ్య నేను వదిలిన ఖాళీయే అసలు తప్పు. ఆ రాత్రి చౌటుప్పల్ దగ్గర దాబాలో పాత ఉస్తాద్ ఒకాయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "తమ్ముడూ, ముందు ఖాళీ లేకుండా పేర్చు, కింద రబ్బరు మ్యాట్ వెయ్యి, బెల్టు చివరి పని." అప్పటి నుంచి మ్యాట్ లేకుండా లోడు ఎక్కించుకోలేదు. ఎక్కించేవాళ్లు తొందరపెడతారు, పెట్టనివ్వండి. కాయిల్స్‌కైతే బెల్టు మీద అస్సలు ఆధారపడను, కన్నులోంచి, అంటే కాయిల్ నడిమి రంధ్రంలోంచి గొలుసులు, కింద చెక్క ఆనులు, బెల్టు అదనం మాత్రమే.

పోయిన మూడు బెల్టుల సంగతి. రెండు కాయిల్ అంచుకు కోసుకుపోయాయి, తప్పు నాదే, అంచు మీద పాత టైరు ముక్క పెట్టలేదు. ఇప్పుడు పాత ఫైర్ హోస్ ముక్కలు తొడుగుతున్నాను, టైరు ముక్కలా జారిపోవు. మూడోదానికి క్లీనర్ ఇంకా బిగుతు కోసమని హ్యాండిల్‌కు పైపు తగిలించి లాగితే రాట్చెట్ వంగిపోయింది. పైపు ఎప్పుడూ పెట్టొద్దు, చేతి బలం చాలు. సిమెంటు పైపులు తెచ్చిన రోజు బెల్టులు మంచినీళ్లతో కడగండి, తడి సిమెంటులోని క్షారం పాలిస్టర్‌ను తినేస్తుంది. తుప్పు ఈ బెల్టుల అసలు లోపం, వానాకాలంలో ఇరుసు దగ్గర రెండు చుక్కల నూనె వేయకపోతే పట్టేస్తాయి.

బయల్దేరాక మొదటి ఆపు ముఖ్యం. లోడు కుదురుకుంటుంది, బెల్టు వదులవుతుంది. అమెరికాలో ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లు మొదటి 50 మైళ్లలోపు ఒకసారి, తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో ఒకసారి చూసుకోవాలని రూలే ఉంది. నేను వైజాగ్‌లో లోడైతే అనకాపల్లి దాటగానే ఆపి అన్నీ తట్టి చూస్తాను, ఎప్పుడూ ఒకటో రెండో పళ్లు బిగించాల్సి వస్తుంది. కడ్డీలు 12 మీటర్లు, బండి 40 అడుగులు, కాబట్టి సరిగ్గా పడతాయి, బయటికి పొడుచుకొస్తే 20,000 జరిమానా.

విప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. కాటేదాన్‌లో ఒక గోడౌన్ దగ్గర రాట్చెట్ తెరవగానే పైపు ఒకటి దొర్లి, నేను నిల్చున్న చోటికి అడుగు దూరంలో పడింది. రోడ్డు మీద కదిలిన లోడు బెల్టుకు ఆనుకుని ఉందని నేను చూసుకోలేదు. ఇప్పుడు ముందు బండి చుట్టూ తిరిగి, లోడు ఎటు ఒరిగిందో చూసి, హమాలీలను దూరం జరగమని, అవతలి వైపు నుంచే విప్పుతాను.

మళ్లీ కొంటే ఇవే కొంటాను, లేబుల్ కుట్టి లేని బెల్టు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోను. వచ్చే వారం ఇంకో మూడు తేవాలి, ఈసారి ఎస్‌టీఎఫ్ 500 ఉన్న పొడవు హ్యాండిల్ రకం చూస్తున్నాను.